మూతబడ్డ పిచ్చాసుపత్రికి వెళ్తున్నారా? ముందు ఒక పెన్సిలు కొనుక్కోండి

వైజాగ్‌లో మా చిన్నప్పుడు ఎవరైనా తిక్కగా మాట్లాడితే “వీణ్ణి చినవాల్తేరు పంపించాలి” అనేవాళ్లు. హైదరాబాద్ వాళ్లయితే ఎర్రగడ్డ అంటారు. ఆ రెండు చోట్లా ఇప్పటికీ వైద్యం జరుగుతోంది, జనం వెళ్లి నయం చేసుకుని వస్తున్నారు. అయినా ఊరి పేరే తిట్టయి కూర్చుంది. ఆ జోకుకి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు బోస్టన్‌కి పడమట ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. ఉద్యోగం మెడికల్ కోడింగ్. వారమంతా ఎవరెవరి జబ్బుల కాగితాలో చదివి వాటికి నంబర్లు వేస్తాను. శనివారాలు మాత్రం దీనికి తిరగేసిన పని: నంబర్లు పట్టుకుని పేర్లు వెతుకుతాను. మా ఊరి చారిత్రక సంఘంలో వాలంటీరుగా ఆరేళ్ల నుంచి, మూతబడిన మానసిక ఆసుపత్రుల్లో మిగిలిపోయిన వస్తువులు, కాగితాలు, సమాధిరాళ్ల మీద పనిచేస్తున్నాను. ఫోటోలు చూసి “అక్కా, మేమూ వస్తాం, ఎలా వెళ్లాలి?” అని అడిగే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అమెరికాలో ఇలా మూతబడ్డ ఆసుపత్రులు ఇన్ని ఎందుకున్నాయో రెండు ముక్కల్లో చెప్తాను. 19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియా డాక్టరు థామస్ కిర్క్‌బ్రైడ్ ఒక నమూనా గీశాడు. నడుమ ఆఫీసు భవనం, దానికి రెండు వైపులా గబ్బిలం రెక్కల్లా మెట్లుమెట్లుగా వెనక్కి జరుగుతూ వార్డులు. గాలీ వెలుతురూ తగిలితే మనసు కుదుటపడుతుందని ఆయన నమ్మకం. అలాంటివి దేశమంతా కట్టారు. తర్వాత వాటిల్లో జనాన్ని కుక్కారు. 1955 నాటికి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5,59,000 మంది ఉన్నారు. అప్పుడప్పుడే థొరాజిన్ అనే మానసిక జబ్బుల మందు వచ్చింది, 1963లో కెన్నెడీ సంతకంతో ఊళ్లోనే వైద్యం అందించాలనే చట్టం వచ్చింది. వార్డులు ఖాళీ అవుతూ, తొంభైల కల్లా చాలాచోట్ల తాళాలు పడ్డాయి. మనుషులు వెళ్లిపోయారు. సామాను ఉండిపోయింది.

అనుమతి లేకుండా వెళ్లొద్దు, ముఖ్యంగా వీసా మీద ఉంటే

కంచె దూకి, కిటికీ చెక్క పీకి లోపలికి వెళ్లే పద్ధతి ఈ సరదా ఉన్నవాళ్లలో మామూలే. నాకది నచ్చదు, మన వాళ్లకైతే అసలు వద్దంటాను. హెచ్-1బి మీదో, గ్రీన్‌కార్డు లైన్లోనో ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. వీసా ఫారంలోనూ, గ్రీన్‌కార్డు ఫారంలోనూ “ఎప్పుడైనా అరెస్టయ్యారా” అని అడుగుతారు. కేసు కొట్టేసినా ఆ ప్రశ్న ఉంటుంది. ఒక ఆదివారం సరదా కోసం స్టాంపింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ టెన్షన్ పడటం దేనికి?

పైగా అనుమతితో చూడగలిగినవి బోలెడున్నాయి. మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫీల్డ్ స్టేట్ హాస్పిటల్ 1896లో మొదలై 2003లో మూతబడింది. 2014లో ఊరివాళ్లే ఆ స్థలం కొన్నారు. పగటిపూట ఆవరణ అంతా తిరగొచ్చు, భవనాల్లోకి మాత్రం వెళ్లకూడదు. చెక్కలు కొట్టిన కిటికీల వరసలు, నడుమ పచ్చిక, కుక్కల్ని తిప్పుకునే ఊరి జనం. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్‌లో ట్రాన్స్-అలెగెనీ లునాటిక్ అసైలమ్ 2007లో వేలానికి వచ్చి ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. టికెట్టు కొంటే లోపల తిప్పి చూపిస్తారు. 250 మంది కోసం కట్టిన దాంట్లో 1950లలో 2,400 మంది ఉన్నారు. ఆ లెక్క తెలుసుకుని అక్కడి గది నడుమ నిలబడితే వేరే వివరణ అక్కర్లేదు. అక్కడ దయ్యాల టూరు కూడా ఉంది. చరిత్ర టూరుకే వెళ్లండి. రోగం వచ్చి అక్కడ బతికిన మనుషుల్ని దయ్యాల్ని చేసి టికెట్లు అమ్మడం నాకు మింగుడుపడదు.

మసాచుసెట్స్‌లోనే ఉన్న డాన్వర్స్ ఆసుపత్రిలో 1878 నాటి కిర్క్‌బ్రైడ్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెట్టారు. నడిమి భవనం, దాన్ని ఆనుకున్న రెండు రెక్కల బయటి గోడలు మాత్రం ఉంచి అపార్టుమెంట్లు కట్టారు. అక్కడ చూడాల్సింది ఆ అపార్టుమెంట్లు కాదు, స్మశానం. దాని సంగతి కింద చెప్తాను.

ఒకవేళ భవనం లోపలికే వెళ్లాల్సి వస్తే యజమానికి ఈమెయిలు రాయండి. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ భవనాలైతే డీక్యామ్ అనే శాఖ చూస్తుంది. ఊరి చారిత్రక సంఘం తరఫున రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. నాకు మూడు చోట్ల అడిగితే ఒక చోట దొరికింది, అదీ పద్నాలుగు నెలలకి, ఇంజినీరు వెంట ఉండాలనే షరతుతో.

ఏం వేసుకోవాలి

దయ్యాల కన్నా పైపులకు చుట్టిన తెల్లటి పూతకి భయపడండి. అది చాలావరకు ఆస్బెస్టాస్. తొమ్మిది అంగుళాల చదరపు నేల పలకల్లోనూ అదే ఉండే అవకాశం ఎక్కువ. గోడల నుంచి పెచ్చులుగా ఊడే రంగులో సీసం ఉంటుంది. పావురాల రెట్ట ఎండి పొడిగా లేస్తే ఊపిరితిత్తులకి ఫంగస్ పట్టొచ్చు. బట్ట మాస్కు దేనికీ పనికిరాదు. పీ-100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. బూట్లు మందపాటివి. ఇంటికొచ్చాక బట్టలు గరాజులోనే విప్పి విడిగా ఉతకండి.

లోపలికి వెళ్లకుండా ఆవరణలో తిరిగినా పిడుదులుంటాయి. మన దగ్గర గేదెలకు పట్టేవాటి చుట్టాలే, కాకపోతే ఇవి గసగసాలంత ఉండి లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, చూడ్డానికి బాగోకపోయినా. ఇటుక గోడలకు పాకిన మూడాకుల తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు. అది పాయిజన్ ఐవీ, దురదగొండి దాని ముందు చిన్నపిల్ల.

నేల మెత్తగా తగిలితే వెనక్కి రండి. ఒక చోట నా స్నేహితుడి కాలు వరండా చెక్కలోంచి మోకాలి దాకా దిగిపోయింది. అడుగు పెట్టకముందే చెక్క రంగు మారి, కాస్త కుంగి కనిపిస్తూనే ఉంది. ఇద్దరం కెమెరాలోనే చూస్తున్నాం.

ఇత్తడి బిళ్ల

ఇక అసలు సంగతి. నా మొదటి ఏడాది, పేరు చెప్పను, ఒక ఆసుపత్రి ఆవరణలో నడుస్తుంటే బూటు కింద ఏదో మెరిసింది. తాళంచెవికి కట్టే ఇత్తడి బిళ్ల, రూపాయి కాసు కన్నా కొంచెం పెద్దది. దాని మీద ఒక అంకె, ఒక అక్షరం. జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి చింతపండుతో తోమాను, దీపపు కుందిలా తళతళలాడింది. నెల తర్వాత గొప్పగా చారిత్రక సంఘానికి పట్టుకెళ్తే అక్కడి పెద్దాయన చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడిగాడు. “ఎక్కడ దొరికింది?”

“దారిలో” అన్నాను. ఏ దారి? ఏ భవనం పక్కన? గేటు వైపా, వెనక వంటశాల వైపా? మట్టిలో కూరుకుపోయి ఉందా, పైనే ఉందా? ఒక్కదానికీ జవాబు లేదు. ఆ అక్షరం ఏ వార్డుదో పోల్చుకోవడానికి చోటు ఒక్కటే ఆధారం, దాన్ని నేను పారేశాను. చింతపండుతో రుద్దినప్పుడు అంచున ఉన్న ఎర్ర రంగు మచ్చ కూడా పోయింది. కొన్ని ఆసుపత్రుల్లో తాళాలకు రంగు గుర్తులుండేవట. ఆ బిళ్ల ఇప్పుడు మా డెస్కు సొరుగులో ఉంది, కొత్త వాలంటీర్లకు చూపించడానికి.

కాబట్టి దేన్నీ తీయకండి. తీయడం దొంగతనం కూడా, అది వేరే సంగతి. చోటు నుంచి కదిలిన వస్తువు సగం మూగదైపోతుంది.

బదులుగా ఫోటో తీయండి, ఇలా. ముందు గుమ్మంలో నిలబడి గది మొత్తం. తర్వాత రెండడుగులు వేసి ఆ వస్తువున్న మూల. తర్వాత వస్తువు దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. స్కేలు లేకపోతే డాలరు నోటు, దాని పొడవు ఎప్పుడూ ఒకటే, ఆరు అంగుళాలకి కాస్త ఎక్కువ. ఫ్లాష్ ఉన్నదొకటి, లేనిదొకటి. ప్రతి గదిలోకి అడుగుపెట్టే ముందు ఒక కాగితం మీద భవనం, అంతస్తు, గది, తేదీ రాసి దాన్నే మొదటి ఫోటోగా తీసుకుంటే సాయంత్రం తికమక ఉండదు. పెన్సిలుతో రాయండి. చలికి పెన్ను మొరాయిస్తుంది, వానకి సిరా కారుతుంది. పాత కాగితాల దగ్గరికి పెన్ను అసలు తీసుకెళ్లకూడదు, ఈ అలవాటు ఇప్పుడే చేసుకోండి.

తాళం వేయకుండా వదిలేసిన తలుపు కనిపిస్తే దాని ఫోటో ఎక్కడా పెట్టొద్దు. వారం తిరక్కుండా లోపల గోడల మీద స్ప్రే రంగులు పడతాయి.

రోగుల కాగితాలు నేల మీద కనిపిస్తే

కనిపిస్తాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా కనిపిస్తాయి. రోగుల వివరాలు బయటపెట్టకూడదనే హిపా చట్టం ఆసుపత్రులనీ, నాలాంటి ఉద్యోగులనీ కట్టేస్తుంది. దారిన పోయేవాణ్ణి కట్టేయదు. మనిషి చనిపోయాక కూడా 50 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది, కానీ అదీ ఆసుపత్రి మీద ఉన్న బాధ్యతే. అందుకే చాలామంది “నాకేం చట్టం లేదుగా” అని చార్టుల ఫోటోలు పెట్టేస్తారు. రోజూ ఇలాంటి కాగితాలే చదివేదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ పేజీలో ఆ మనిషి ఎవరితోనూ చెప్పుకోనివి ఉంటాయి. చదవొద్దు. కుప్ప మొత్తం కనిపించేలా, అక్షరాలు కనిపించనంత దూరం నుంచి ఒక ఫోటో తీసుకోండి. యజమానికీ, రాష్ట్ర మానసిక ఆరోగ్య శాఖకీ, పాత ప్రభుత్వ కాగితాలు దాచే రాష్ట్ర పురాలేఖాగారానికీ ఒకే ఈమెయిలు పంపండి. ముగ్గురికీ కలిపి పంపితే ఎవరూ పక్కకు నెట్టలేరు. పైకప్పు కారుతోందా, కాగితాలు తడిశాయా అన్నది మొదటి వాక్యంలోనే రాయండి.

సరిగ్గా జరిగిన కథ ఒకటి ఉంది. న్యూయార్క్‌లో సెనెకా సరస్సు ఒడ్డున విల్లర్డ్ ఆసుపత్రి 1869 నుంచి 1995 దాకా నడిచింది. మూసేసే రోజుల్లో అటక మీద 400కు పైగా సూట్‌కేసులు బయటపడ్డాయి. చేరిన రోజు రోగులు వెంట తెచ్చుకున్నవి. సిబ్బంది వాటిని చెత్తలో పడేయకుండా ఆల్బనీలోని స్టేట్ మ్యూజియంకి కబురు పెట్టారు. మ్యూజియం వాళ్లు ఏరుకోలేదు, మొత్తం తీసుకెళ్లారు. లోపలి వస్తువుల్ని విడివిడిగా కాగితంలో చుట్టి, ఏది ఏ పెట్టెలోదో పట్టిక రాశారు. తర్వాత జాన్ క్రిస్పిన్ అనే ఫోటోగ్రాఫరు వాటిని ఫోటోలు తీశాడు. రాష్ట్రం నియమాల వల్ల యజమానుల ఇంటిపేర్లు బయటపెట్టలేదు, మొదటి పేరు, ఒక పొడి అక్షరం, అంతే. దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. బతికున్నప్పుడు పేరు లాగేసుకుని చచ్చాక గోప్యత అంటారేంటని కొందరు. నేనూ సగం వాళ్ల పక్షమే.

రాయి చదవడం

పేరు గురించి నా పట్టింపు స్మశానాల దగ్గర మొదలైంది. ఈ ఆసుపత్రులు చాలావాటికి సొంత స్మశానం ఉండేది. రాళ్ల మీద పేరు ఉండదు, నంబరే. మసాచుసెట్స్‌లోని వాల్థమ్ దగ్గర అడవిలో మెట్‌ఫర్న్ అనేది ఒకటుంది. 1947 నుంచి 1979 దాకా రెండు సంస్థల వాళ్లను అక్కడ పూడ్చారు. అరచేయంత సిమెంటు రాళ్లు. క్యాథలిక్ అయితే సి, ప్రొటెస్టెంట్ అయితే పి, పక్కన అంకె. పక్కనే ఉన్న గ్యాన్ అకాడమీ అనే బడి పిల్లలు ఒక్కో అంకె పట్టుకుని ఆ మనిషి ఎవరో వెతికి జీవితకథ రాశారు. డాన్వర్స్‌లో అయితే ఒకప్పటి రోగులే పూనుకుని నంబర్ల రాళ్లకు పేర్లు తెచ్చారు. మెడ్‌ఫీల్డ్ స్మశానంలో ఎనిమిది వందలకు పైగా ఉన్నారు, ఇప్పుడు అందరికీ పేర్లున్నాయి.

అంకె అరిగిపోయి కనిపించకపోతే చేత్తో గీకొద్దు, సుద్ద రాయొద్దు, షేవింగ్ క్రీము పూసే పిచ్చిపని అసలొద్దు. ఒక అద్దం చాలు. నేను మా ఇంటి డ్రెస్సింగ్ టేబుల్ పక్క అద్దం పట్టుకెళ్తాను, అరగజం ఉంటుంది. మబ్బు లేని ఉదయం వెళ్లండి. రాయికి ఒక పక్కగా, ఎండ తగిలే చోట ఇంకొకరిని అద్దం పట్టుకుని నిలబడమనండి. వెలుతురు రాయి ముఖాన్ని రాసుకుంటూ అడ్డంగా పోవాలి, ఎదురుగా పడకూడదు. అద్దాన్ని మెల్లగా, వేలు మందం వేలు మందం తిప్పుతుంటే ఒక కోణంలో చటుక్కున నీడ పడుతుంది. నున్నగా ఉన్న చోట 8 పుడుతుంది. ఇంకాస్త తిప్పితే అది 3 అవుతుంది. అందుకే ఒక్క కోణం నమ్మొద్దు, ఎడమ నుంచీ కుడి నుంచీ ఫోటోలు తీసి ఇంట్లో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి శీతాకాలం నేను 8గా రాసుకున్నవాటిలో రెండు 3లే.

నాచు పట్టి ఉంటే, స్మశానం చూసుకునేవాళ్ల అనుమతితో, మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్. అంతే. బ్లీచింగు వద్దు, వైరు బ్రష్ వద్దు. గడ్డకట్టే చలిలో రాయిని తడపొద్దు, పగులుతుంది.

అంకె దొరికాక పేరు ఎలా? ఖననాల పుస్తకం పురాలేఖాగారంలో ఉంటే అదృష్టం. లేకపోతే చుట్టుదారి. ఇక్కడ జనాభా లెక్కల పేజీలు 72 ఏళ్లకు బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లను కూడా పేరు, వయసు, పుట్టిన చోటు సహా వరసగా రాశారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ పేర్ల జాబితా చేసుకుని, ఆసుపత్రి ఉన్న ఊరి టౌన్ క్లర్కు దగ్గర మరణ ధ్రువపత్రాలు చూస్తే ఎక్కడ పూడ్చారో ఉంటుంది. తేదీల వరస, రాళ్ల అంకెల వరస కలిపి చూసుకుంటూ పోవాలి. ఇవన్నీ అందరికీ తెరిచి ఉన్న కాగితాలు కాబట్టి పేరు చెప్పడానికి నాకు సంకోచం లేదు. జబ్బు మాత్రం చెప్పను. అదే నా గీత.

తడిసిన చాకలిపద్దు

ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన వస్తువులు ఎక్కువగా ఉన్నది అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లల్లో. భవనాల కన్నా వీటి మీదే మీ సమయం పెట్టండి అంటాను. మాకు ఒక కుటుంబం తమ గరాజు నుంచి లాండ్రీ లెక్కల పుస్తకం తెచ్చింది. అచ్చంగా చాకలిపద్దు. ఏ వార్డు నుంచి ఎన్ని దుప్పట్లు, ఎన్ని గలేబులు, ఎన్ని గౌన్లు. పైపు పగిలి తడిసిపోయింది, ముద్దలా ఉంది.

తడి కాగితానికి మీ దగ్గర ఉన్నది రెండు రోజులు. ఆలోపు ఆరకపోతే బూజు పడుతుంది. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యరు వద్దు. అంత టైము లేకపోతే మైనం కాగితంలో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, చేపల పక్కన కాకుండా. గడ్డకడితే బూజు ఆగుతుంది, తీరిక దొరికాక చూడొచ్చు. మేము పుస్తకాన్ని విసనకర్రలా కాస్త తెరిచి నిలబెట్టి, ప్రతి పది పేజీలకూ ఒక పేపర్ టవల్ దూర్చి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గదిలో తిప్పాం. టవళ్లు రెండు గంటలకోసారి మార్చాం. అంటుకున్న పేజీలను విడదీయాలని చేతులు ఆగవు. ఆపుకోండి. ఆరేకొద్దీ వాటంతటవే కొంత విడతాయి. మూడో రోజుకి పేజీలు అప్పడాల్లా అలలు తిరిగాయి, కానీ అక్షరం నిలిచింది. ఒక పేజీ అంచున పెన్సిలుతో “నీళ్లు వేడిగా లేవు, మళ్లీ” అని ఉంది. సిరాతో రాసిన అంకెలు చెదిరాయి, పెన్సిలు చెక్కుచెదర్లేదు.

ఆరాక తుప్పు పట్టిన పిన్నులు, క్లిప్పులు తీసేయాలి, లాగకుండా కింద సన్నని ప్లాస్టిక్ పట్టీ దూర్చి. లామినేషన్, సెల్లోటేపు వద్దు. ఆమ్లం లేని ఫోల్డర్లలో పెట్టండి. కాగితాలను శుభ్రమైన పొడి చేతులతో పట్టుకోవచ్చు, ఫోటోలకైతే నైట్రైల్ గ్లవ్స్. బట్టల మధ్య మన అమ్మలు పట్టుచీరల్లో వేసినట్టు కలరా ఉండలు వేయకండి. ఆ వాసన పోదు, మనిషికీ మంచిది కాదు.

చివరగా, మాటలు. ఆ పుస్తకం రాసినావిడతో కలిసి పనిచేసిన పెద్దావిడ ఒకరు ఇంకా ఉన్నారని తెలిసి వెళ్లాను. ఫోను రికార్డరు చాలు, కానీ మసాచుసెట్స్‌లో చెప్పకుండా రికార్డు చేయడం నేరం, అడిగి, కాగితం మీద సంతకం తీసుకోండి. “అక్కడ పిచ్చివాళ్లు ఎలా ఉండేవాళ్లు” అని అడిగితే టీవీలో చూసినదే చెప్తారు. “పొద్దున్నే మొదట ఏ తలుపు తీసేవారు? తాళాలు నడుముకా, మెడకా? మధ్యాహ్నం ఎక్కడ తినేవారు?” అని అడగండి. ఆవిడ తాళాల దగ్గర మొదలుపెట్టి రెండు గంటలు ఆపలేదు. రంగు గుర్తుల సంగతి నాకు తెలిసింది అక్కడే. రోగులు మడతపెట్టిన దుప్పట్లనీ, సిబ్బంది మడతపెట్టినవాటినీ చూడగానే పోల్చేదట, రోగులవే చక్కగా ఉండేవట.

వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకండి. నేను జంతికలు పట్టుకెళ్లాను. ఆవిడకి పళ్లు లేవు. అయినా ఒకటి బుగ్గన పెట్టుకుని రికార్డింగంతా చప్పరిస్తూనే ఉంది, టేపులో వినబడుతుంది. రెండోసారి రవ్వలడ్లు తీసుకెళ్లాను.